ఒక్క మాట తేడా, అయిదు మార్కుల దూరం

భౌతికశాస్త్రం పరీక్ష ముగిసిన సాయంత్రం సరిహద్దు తాలూకా కేంద్రాల బస్టాండ్లలో కనిపించే దృశ్యం ఏటా ఒకటే. పావగడ అయినా, హోసూరు అయినా, రాయగడ అయినా, సిరోంచ అయినా, ఊరి బస్సు కోసం నిలబడిన పిల్లలు ప్రశ్నపత్రం మడతలు విప్పి జవాబులు పోల్చుకుంటూ ఉంటారు. ఒకరికి 20 వచ్చింది, మరొకరికి 19.6 వచ్చింది. ఒకరు రెండో ఆప్షన్ గుర్తించారు, పక్కవారు నాలుగోది గుర్తించారు. బస్సు ఊరు చేరేసరికి ఒకరి ముఖం వెలిగి ఉంటుంది, మరొకరి ముఖం వాడి ఉంటుంది. ఇంట్లో పెద్దలు ఆ వాడిన ముఖాన్ని చూసి, అయిపోయిన పెళ్లికి మేళమెందుకని ఓదారుస్తారు. రాసిందేదో రాశారు, ఇక దేవుడిదే భారమంటారు.

ఆ ఓదార్పులో ప్రేమ ఉన్నది గాని, అది పూర్తిగా సరైన సలహా కాదు. పరీక్ష హాలు నుంచి బయటికి వచ్చినంత మాత్రాన పెళ్లి అయిపోవడం లేదు. ఏ జవాబు సరైనదన్న నిర్ణయం చాలాసార్లు పరీక్ష తరువాతే జరుగుతున్నది. ఆ నిర్ణయంపై అభ్యంతరం చెప్పే గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ సంగతి తెలిసిన కుటుంబం పిల్లల పక్షాన నిలబడగలుగుతుంది. తెలియని కుటుంబం ఫలితాల రోజు దాకా మొక్కులతో కాలం గడుపుతుంది. 2024 వేసవిలో వైద్యవిద్య ప్రవేశపరీక్ష నీట్‌లో ఒక భౌతికశాస్త్ర ప్రశ్న నడిచిన దారి ఇందుకు తిరుగులేని ఉదాహరణ.

ఒక ప్రశ్న, మూడు తీర్పులు

2024 మే 5న జరిగిన నీట్ పరీక్షకు దేశవ్యాప్తంగా 23 లక్షలకు పైగా విద్యార్థులు హాజరయ్యారు. భౌతికశాస్త్ర విభాగంలో పరమాణువుల గురించి రెండు వాక్యాలు ఇచ్చి, వాటిలో ఏది సరైనదో, ఏది కాదో గుర్తించమని అడిగారు. మొదటి వాక్యం పరమాణువు విద్యుత్తు పరంగా తటస్థమైనదని చెప్పేది. దాని విషయంలో వివాదమేమీ లేదు. రెండవ వాక్యం ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవనీ, తమకే ప్రత్యేకమైన వర్ణపటాన్ని వెలువరిస్తాయనీ చెప్పేది. చిక్కంతా ఈ రెండవ వాక్యంలోనే వచ్చిపడింది.

యురేనియం, రేడియం వంటి మూలకాల పరమాణువులు స్థిరమైనవి కావు. అవి కాలక్రమంలో క్షయమవుతూ వికిరణాన్ని వెలువరిస్తాయి. కాబట్టి ప్రతి మూలకపు పరమాణువూ స్థిరమైనదనడం శాస్త్రరీత్యా తప్పు. అయితే ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండవ తరగతి భౌతికశాస్త్రం పాత ముద్రణలో ఆ పాఠం చివరి సారాంశంలో ప్రతి మూలకం అన్న అర్థమిచ్చే మాటే ఉన్నది. తరువాతి ముద్రణలో దానిని అధిక మూలకాలు అన్న అర్థం వచ్చేటట్టు సవరించారు. మారింది ఒక్క మాట మాత్రమే. కాని పాత పుస్తకం చదివిన విద్యార్థికి రెండు వాక్యాలూ సరైనవనే రెండవ ఆప్షన్ సమాధానమయింది. కొత్త పుస్తకం చదివిన విద్యార్థికి మొదటిది మాత్రమే సరైనదనే నాలుగవ ఆప్షన్ సమాధానమయింది.

మే నెలాఖరులో జాతీయ పరీక్షల సంస్థ, అనగా ఎన్‌టీఏ, తాత్కాలిక కీ వెలువరించింది. అందులో నాలుగవ ఆప్షన్‌ను సరైన జవాబుగా చూపారు. దానిని సవాలు చేస్తూ 13,373 అభ్యంతరాలు వచ్చాయి. వాటిని పరిశీలించిన మీదట సంస్థ రెండు ఆప్షన్లకూ మార్కులు ఇవ్వాలని నిర్ణయించింది. జూన్ 4న వెలువడిన ఫలితాలలో 67 మంది 720కి 720 మార్కులు సాధించారు. వారిలో 44 మందికి పూర్తి మార్కులు రావడానికి ఈ ప్రశ్నే కారణమని సంస్థ స్వయంగా వెల్లడించింది.

ప్రశ్నపత్రం లీకు ఆరోపణలతో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరినప్పుడు ఈ ప్రశ్న కూడా అక్కడికి వెళ్లింది. తప్పు రాస్తే మార్కు కోత పడుతుందన్న భయంతో ఆ ప్రశ్నను వదిలివేసిన వారి వాదన ఒకటి. కొత్త పుస్తకమే చదవాలని నిబంధన ఉండగా పాత పుస్తకపు జవాబుకు మార్కులు ఎలా ఇస్తారన్న వాదన మరొకటి. జూలై 22న ధర్మాసనం ఢిల్లీ ఐఐటీ డైరెక్టరును ముగ్గురు నిపుణులతో కమిటీ వేసి మరునాటికల్లా అభిప్రాయం చెప్పవలసిందిగా కోరింది. నాలుగవ ఆప్షన్ ఒక్కటే సరైనదని కమిటీ తెలిపింది. కోర్టు దానిని ఆమోదించింది.

కోర్టు ముందుంచిన లెక్కల ప్రకారం సుమారు 9 లక్షల 28 వేల మంది నాలుగవ ఆప్షన్‌నూ, సుమారు 4 లక్షల 20 వేల మంది రెండవ ఆప్షన్‌నూ గుర్తించారు. రెండవది గుర్తించినవారికి వచ్చిన 4 మార్కులు పోయాయి. పైగా తప్పు జవాబుకు 1 మార్కు కోత పడింది. మొత్తం 5 మార్కులు. జూలై 26న సవరించిన ఫలితాలు వచ్చేసరికి పూర్తి మార్కులు సాధించినవారి సంఖ్య 17కు తగ్గింది. పరీక్ష జరిగిన 82 రోజుల తరువాత గాని ఒక ప్రశ్నకు సరైన జవాబేదో తేలలేదన్న మాట. ఆ 82 రోజులలో ఒకే విద్యార్థికి తాత్కాలిక కీ ప్రకారం మార్కులు పోయి, తుది కీ ప్రకారం వచ్చి, కోర్టు తీర్పుతో మళ్లీ పోయాయి. బస్టాండులో మొదలైన జవాబుల పోలిక సుప్రీంకోర్టులో గాని ముగియలేదు.

అన్న చదివిన పుస్తకం

ఈ కేసులో వినిపించిన ఒక వాదన సరిహద్దు పల్లెలు ప్రత్యేకంగా గమనించదగినది. పేద విద్యార్థులు అన్నలూ అక్కలూ చదివిన పాత పుస్తకాలతోనే పరీక్షకు సిద్ధమవుతారు గనుక పాత పుస్తకపు జవాబునూ అంగీకరించవలసి వచ్చిందన్నది ఆ వాదన. తాజా ముద్రణనే అనుసరించాలన్నది సూచన గనుక ఆ వాదన నిలవలేదు. శాస్త్రం దృష్టిలో చూసినా తీర్పు సరైనదే. పేదవాడు చదివాడన్న కారణాన తప్పు వాక్యం ఒప్పు కాజాలదు. కాని ఆ వాదన వెనుక ఉన్న ఇల్లు మాత్రం అబద్ధం కాదు.

సరిహద్దు గ్రామాలలో ఒక పుస్తకం ఎన్ని చేతులు మారుతుందో అక్కడివారికి తెలుసు. అన్న చదివినది తమ్ముడికి వస్తుంది. తమ్ముడి తరువాత పక్కింటి పిల్లకు వెళుతుంది. అంతటితో ఆగక, అనంతపురంలో ఉన్న మేనమామ ఇంటి నుంచి తెలుగు అకాడమీ వారి ఇంటర్మీడియట్ పుస్తకం ఒకటి వస్తుంది. చిత్తూరులో కోచింగ్ తీసుకున్న పెద్దమ్మ కొడుకు నోట్సు ఒకటి వస్తుంది. ఇచ్చినవారంతా అభిమానంతోనే ఇస్తారు. కాని ఏ పుస్తకం ఏ రాష్ట్రపుదో, ఏ సంవత్సరపు ముద్రణో చూసే అలవాటు తక్కువ. భౌతికశాస్త్రం ఎక్కడయినా ఒకటే కదా అన్నది సామాన్యంగా వినిపించే మాట.

భౌతికశాస్త్రం ఒకటే. పాఠ్యప్రణాళిక మాత్రం ఒకటి కాదు. కర్ణాటకలో పీయూసీ విజ్ఞానశాఖ ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యక్రమాన్ని చాలా కాలంగా అనుసరిస్తున్నది. తమిళనాడుకు తన సొంత పుస్తకాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో 2025-26 నుంచి గాని ఎన్‌సీఈఆర్‌టీ బాటకు రాలేదు. ఎన్‌సీఈఆర్‌టీ తన పుస్తకాలనే కోవిడ్ తరువాత కుదించింది. పన్నెండవ తరగతి భౌతికశాస్త్రంలో సమాచార ప్రసార వ్యవస్థలన్న అధ్యాయం మొత్తంగా తొలగిపోయింది. పాత పుస్తకం పట్టుకున్న విద్యార్థి లేని అధ్యాయాన్ని రాత్రులు మేలుకొని చదువుతూ, మారిన వాక్యాన్ని పాతగానే కంఠస్థం చేస్తున్నాడు. ఇది ఆ విద్యార్థి సోమరితనం కాదు. చదివినందుకు పడిన శిక్ష.

తప్పు పైవారిదైనప్పుడు

పాఠ్యక్రమం విషయంలో పొరపాటు పడేది పల్లెటూరి పిల్లలు మాత్రమే అనుకుంటే అదీ నిజం కాదు. 2024 ఏప్రిల్ 18, 19 తేదీలలో జరిగిన కర్ణాటక సీఈటీలో కుదించిన పాఠ్యక్రమం వెలుపలి నుంచి పెద్ద సంఖ్యలో ప్రశ్నలు వచ్చాయి. తరగతిలో చెప్పని అధ్యాయాల నుంచి పరీక్షలో అడిగారన్న గగ్గోలు మొదట లేవదీసినది విద్యార్థులే. హాలు బయట జవాబులు పోల్చుకుంటున్నప్పుడు, ఈ ప్రశ్న ఏ పాఠంలోనిదని ఒకరినొకరు అడగగా ఎవరికీ తెలియలేదు. ఆ అనుమానమే అధ్యాపకులకూ, తల్లిదండ్రులకూ, చివరకు ప్రభుత్వానికీ చేరింది. నిపుణుల పరిశీలన తరువాత 50 ప్రశ్నలను మూల్యాంకనం నుంచి తప్పించారు. వాటిలో భౌతికశాస్త్రం 9, రసాయనశాస్త్రం 15, గణితం 15, జీవశాస్త్రం 11.

అరవై మార్కుల భౌతికశాస్త్రం అట్లా 51 మార్కులకు కుదించుకుపోయింది. ఈ పరిష్కారం కూడా అందరికీ సమన్యాయం చేయలేదు. ఆ 9 ప్రశ్నలతో కుస్తీ పట్టి సమయం పోగొట్టుకున్నవారికి ఆ సమయం తిరిగి రాలేదు. పాత పుస్తకం చదివి వాటికి సరైన జవాబు రాసినవారికి ఆ మార్కులు దక్కలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టు ప్రశ్నపత్రం కూర్చినవారి అజాగ్రత్తకు మూల్యం చెల్లించినది విద్యార్థులే. అయినా ఒక్క విషయం గుర్తుంచుకోదగినది. పిల్లలు నోరు మూసుకొని ఇంటికి వెళ్లి ఉంటే ఆ 50 ప్రశ్నలూ ర్యాంకులలో కలిసిపోయి ఉండేవి. ఇంజినీరింగ్ ర్యాంకులో సీఈటీ మార్కులకూ పీయూసీ మార్కులకూ సగం సగం విలువ ఉన్న రాష్ట్రంలో అది చిన్న విషయం కాదు.

త్వరణమా, వేగోత్కర్షా, ముడుక్కమా

సరిహద్దు విద్యార్థికి పుస్తకం తరువాతి సమస్య భాష. వేగంలో వచ్చే మార్పు రేటును తెలుగు పుస్తకం త్వరణం అంటుంది. కన్నడ పుస్తకం వేగోత్కర్ష అంటుంది. తమిళ పుస్తకం ముడుక్కం అంటుంది. బలం అన్నది కన్నడంలోనూ బలమే గాని తమిళంలో విసై అవుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో రాష్ట్రభాష, పదవ తరగతి తరువాత విజ్ఞానశాఖలో ఇంగ్లీషు. తెలుగు మాధ్యమంలో చదువుకున్న తాతకో, తండ్రికో మనవరాలి పుస్తకంలోని లెక్క తెలిసినదే అయినా దాని పేరు తెలియదు. ఇంట్లో సహాయం చేయగలిగిన ఒక్కరూ భాష దగ్గర ఆగిపోతున్నారు.

నీట్ తెలుగుతో సహా 13 భాషలలో జరుగుతున్నదన్న మాట తరచు వినిపిస్తుంది. అయితే ప్రాంతీయ భాషల ప్రశ్నపత్రం ఆ భాషకు చెందిన రాష్ట్రాల కేంద్రాలలో మాత్రమే లభిస్తుందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. 2024 పరీక్ష నాటి నిబంధనలలో తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకు, కన్నడం కర్ణాటకకు, ఒడియా ఒడిశాకు, మరాఠీ మహారాష్ట్రకు కేటాయించారు. తమిళం తమిళనాడుతో పాటు పుదుచ్చేరికి కూడా కేటాయించారు. బళ్లారిలోనో, పర్లాఖెముండిలోనో పరీక్ష రాసే తెలుగు విద్యార్థికి తన భాషలో ప్రశ్న చూసే వీలు లేదు. కేంద్రం మార్చుకొని సరిహద్దు దాటి రాయాలి, లేదా ఇంగ్లీషులో రాయాలి. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్నది. అయినా పాలన పుదుచ్చేరిది. రెంటికీ చెడ్డ రేవడి అన్న సామెత ఈ పిల్లలకు సరిగ్గా సరిపోతుంది.

అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్ననే ప్రమాణంగా తీసుకుంటారు. ఈ నిబంధన బరువెంతో 2018లో తమిళ మాధ్యమ విద్యార్థులు చవిచూశారు. ఆ ఏడాది నీట్ తమిళ ప్రశ్నపత్రంలో 49 ప్రశ్నల అనువాదం తప్పుగా ఉన్నదని కేసు వేశారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆ విద్యార్థులకు ప్రశ్నకు 4 చొప్పున 196 మార్కులు కలపమని జూలైలో ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసి, నవంబరులో కొట్టివేసింది. దీని నుంచి సరిహద్దు కుటుంబం గ్రహించవలసిన పాఠం స్పష్టమైనది. ఏ భాషలో రాసినా పక్కనే ముద్రించిన ఇంగ్లీషు ప్రశ్నను కూడా ఒకసారి చూసుకోవాలి. ముఖ్యమైన పదాలనయినా రెండు భాషలలో నేర్చుకొని ఉండాలి.

జవాబు సరిచూసుకునే తీరు

జవాబులు పోల్చుకోవడం తప్పు కాదని చెప్పినంత మాత్రాన ఎట్లా పోల్చినా ఫరవాలేదని కాదు. మరునాడు ఇంకొక పరీక్ష ఉన్నప్పుడు ముగిసిన పరీక్ష జవాబులు తిరగేయడం వల్ల లాభం లేదు, నష్టమే ఉన్నది. అన్ని పరీక్షలూ ముగిసిన తరువాతనే అందుకు కూర్చోవాలి.

బోర్డు పరీక్షకూ ప్రవేశపరీక్షకూ పోలిక వేరు. బోర్డు పరీక్షలో లెక్కకు సూత్రానికి, ప్రతిక్షేపణకు, తుది విలువకు, ప్రమాణానికి విడివిడిగా మార్కులు ఉంటాయి. చివరి సంఖ్య తప్పిపోయినంత మాత్రాన లెక్క మొత్తం పోదు. ఎత్తు నుంచి విడిచిన రాయి 2 సెకన్లలో ఎంత దూరం పడుతుందన్న లెక్కలో గురుత్వ త్వరణం 9.8గా తీసుకుంటే 19.6 మీటర్లు వస్తుంది, 10గా తీసుకుంటే 20 మీటర్లు వస్తుంది. బస్టాండులో ఇద్దరు విద్యార్థులు ఒకరు తప్పు, ఒకరు ఒప్పు అనుకొని విడిపోతారు. ప్రశ్నలో విలువ నిర్దేశించకపోతే ఇద్దరి పద్ధతీ సరైనదే. దర్పణాల లెక్కలో ఒకరికి 20, మరొకరికి ఋణ 20 వస్తే, వారు పాటించిన సంజ్ఞా సంప్రదాయం ఏమిటో చూడకుండా తీర్పు చెప్పరాదు. కర్ణాటక, తమిళనాడు, సీబీఎస్ఈలలో రాతపరీక్ష 70 మార్కులకే గనుక, తక్కిన 30 ప్రయోగాలకూ అంతర్గత మూల్యాంకనానికీ చెందుతాయన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రవేశపరీక్షలో మాత్రం తుది జవాబే ప్రాణం. అక్కడ కోచింగ్ కేంద్రాలు సాయంత్రానికి విడుదల చేసే కీలను నమ్మి ఏడవడమూ, సంబరపడడమూ రెండూ తొందరపాటే. ఒక కేంద్రం కీకీ మరొక కేంద్రం కీకీ తేడాలు ఉండడం పరిపాటి. ఎన్‌టీఏ వెబ్‌సైటులో వచ్చే తాత్కాలిక కీ, విద్యార్థి ఓఎంఆర్ పత్రపు ప్రతి, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని ఒక్కొక్క ప్రశ్న చూడాలి. అభ్యంతరం ఉంటే గడువులోగా ప్రశ్నకు నిర్ణీత రుసుము చెల్లించి సవాలు చేయవచ్చు. 2024, 2025 సంవత్సరాలలో ఆ రుసుము ప్రశ్నకు 200 రూపాయలు. అది తిరిగి రాదు. కాబట్టి మనసుకు తోచిన ప్రశ్ననల్లా సవాలు చేయక, పాఠ్యపుస్తకపు తాజా ముద్రణలో పుట సంఖ్య చూపగలిగిన ప్రశ్నను మాత్రమే ఎన్నుకోవాలి. కూలి డబ్బుతో చదివించే ఇంటికి 200 రూపాయలు తక్కువ సొమ్ము కాదు గాని, 5 మార్కుల తేడాతో పోయే సీటు ముందు అది ఎక్కువా కాదు. నెట్ సెంటరులో అరగంట పనితో ముగిసేది అది. తుది కీ వెలువడిన తరువాత మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మార్కుల సంఖ్యను చూసి కుంగిపోవడంలోనూ ఒక పొరపాటు ఉన్నది. 2024లో నీట్ మొదటి ర్యాంకు 720 మార్కులది. 2025 మే 4న జరిగిన పరీక్షలో భౌతికశాస్త్రం ఎంత కఠినంగా వచ్చిందో దేశమంతా చెప్పుకున్నది. ఆ ఏడాది మొదటి ర్యాంకుకు వచ్చినవి 686 మార్కులు. జనరల్ కేటగిరీ అర్హత మార్కు కూడా సవరించిన 162 నుంచి 144కు దిగింది. నిరుటి అక్క మార్కులతో ఈ ఏటి చెల్లెలి మార్కులను పోల్చడం అందుచేత అర్థం లేని పని. ప్రశ్నపత్రం అందరికీ కఠినమైనప్పుడు తక్కువ మార్కులకు కూడా మంచి ర్యాంకు రావచ్చు.

బాధ్యత ఎవరిది

కుటుంబాల జాగ్రత్త గురించి చెప్పుకున్నంత మాత్రాన ప్రభుత్వాల బాధ్యత తీరదు. ఏ పరీక్షకు ఏ పుస్తకం, ఏ ముద్రణ ప్రమాణమో విద్యా సంవత్సరం మొదట్లోనే ప్రకటించి, పాత ముద్రణకూ కొత్త ముద్రణకూ మధ్య మారిన వాక్యాల పట్టికను నాలుగు పుటలలో అచ్చువేసి ప్రతి కళాశాలకూ పంపడం ఏ బోర్డుకూ శక్తికి మించిన పని కాదు. ఆ నాలుగు పుటలు ఉండి ఉంటే 2024లో లక్షలాది విద్యార్థులు ఆ 5 మార్కుల ఊగిసలాటలో పడేవారు కారు. కీ సవరించినప్పుడు ఎందుకు సవరించారో కారణాన్ని కూడా వెల్లడించాలి. జవాబు మార్చి కారణం దాచే పరీక్షను పిల్లలు నమ్మరు.

తెలుగు ప్రశ్నపత్రం సంగతి కూడా ఇటువంటిదే. ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ ప్రశ్నపత్రాలు దేశంలో ఏ కేంద్రంలోనయినా ఇవ్వగలిగినప్పుడు, తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన జిల్లాలలో కొన్ని కేంద్రాలకయినా తెలుగు ప్రశ్నపత్రం ఇవ్వలేకపోవడానికి సాంకేతిక కారణం కనిపించదు. అదే న్యాయం ఆంధ్ర, తెలంగాణ సరిహద్దులలోని కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ విద్యార్థులకూ వర్తించాలి. ఇచ్చిపుచ్చుకోవలసిన వ్యవహారమే గాని, ఒకరిది తీసి ఒకరికి పెట్టేది కాదు.

ముందు బిడ్డ, తరువాత మార్కు

సరిహద్దు పల్లెల నుంచి పిల్లలు ఆంధ్ర పట్టణాల హాస్టళ్లకు కోచింగ్ కోసం వెళ్లడం సర్వసాధారణమయింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యాసంస్థలన్నింటికీ వర్తించే 15 మార్గదర్శకాలు జారీ చేసింది. మార్కులను బట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా విడదీయరాదనీ, బహిరంగంగా అవమానించరాదనీ, వందమందీ అంతకు మించీ ఉన్న సంస్థలు అర్హతగల కౌన్సెలరును నియమించాలనీ వాటిలో ఉన్నది. బిడ్డను హాస్టలులో చేర్చే తండ్రి ఫీజు గురించి అడిగినంత గట్టిగా ఈ కౌన్సెలరు గురించి కూడా అడగవచ్చు. అడిగే హక్కు ఇప్పుడు ఉన్నది.

పరీక్ష తరువాతి వారాలు ఇంట్లో కూడా జాగ్రత్తగా గడపవలసినవి. అన్నం సరిగా తినని, నిద్రపోని, ఎవరితోనూ మాట్లాడని బిడ్డను మార్కుల గురించి నిలదీయరాదు. పక్కన కూర్చొని మాట్లాడించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు అందుబాటులో ఉన్నది. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఆ రాష్ట్రపు భాషలోనూ మాట్లాడవచ్చు. ఆ నంబరును ఇంటి గోడ మీది క్యాలెండరు పక్కన రాసిపెట్టుకోవడం తప్పేమీ కాదు.

పరమాణువులన్నీ స్థిరమైనవి కావని ఢిల్లీ ఐఐటీ నిపుణులు ఒక్క రోజులో తేల్చి చెప్పారు. కాని ఆ తేల్చడానికి ముందు లక్షల ఇళ్లలో రెండున్నర నెలల పాటు నిద్ర కరువైంది. బస్టాండులో ప్రశ్నపత్రం విప్పి పోల్చుకుంటున్న పిల్లలను చూసి ఇకమీదట పెద్దలు అయిపోయిన పెళ్లి సామెత చెప్పనవసరం లేదు. ఇది ఏ పుస్తకంలో ఉన్నది, అది ఏ ఏటి ముద్రణ, కీ ఎప్పుడు వస్తుంది, అభ్యంతరానికి ఆఖరు తేదీ ఏది అని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. చదువు రాని తల్లి కూడా అడగగలిగిన ప్రశ్నలవి. వాటికి జవాబు వెదికే బిడ్డకు తన వెనుక ఒక ఇల్లు ఉన్నదన్న ధైర్యం కలుగుతుంది.